ఎనభై బారల తాడు

రేవులో వలలు బాగుచేసే ఆడవాళ్లు ఆమె వచ్చిన గంటలోపే పేరు పెట్టేశారు. మీటరమ్మ. భుజానికి బూడిదరంగు ఇనప్పెట్టె, అందులోంచి సాగిన నల్లటి తీగ, తీగ చివర పిడి ఉన్న గొట్టం, చెవులకు డొప్పలు. ఇంత సరంజామాతో ఒక ఆడమనిషి పడవ మీద వంగి వంగి తిరుగుతుంటే ఇంకేం పేరు పెడతారు? "ఏమే, పడవలక్కూడా కరెంటు బిల్లు వేస్తున్నారా ఏంటి?" అని ఒకావిడ అంటే మిగతావాళ్లు వలలో మొహాలు దాచుకుని నవ్వారు. ఆమెకు వినబడింది. తలెత్తలేదు. లెక్క పెడుతోంది.

పని చూడ్డానికి తేలిక. గొట్టాన్ని ఒకచోట ఆనించి నిమిషంపాటు కదలకుండా ఉండాలి. చెవిలో టిక్కుమన్నప్పుడల్లా ఒకటి వేసుకోవాలి. ఒక్కోచోట అలా మూడుసార్లు. అంకెలు దస్తరంలో సిరాతో రాయాలి, పెన్సిలు పనికిరాదు. కొట్టివేత ఉంటే పక్కనే కారణం రాసి సంతకం పెట్టాలి. గాలిలోనో, నేలలోనో, ఎక్కడైనా నిమిషానికి ఇరవై, ఇరవై ఐదు దాకా టిక్కులు మామూలే. పొద్దున రేవు గట్టు మీద ఇరవై రెండు వచ్చింది. పడవలో చుక్కాని గదిలో ఇరవై మూడు. ఇంజను దగ్గర ఇరవై ఒకటి. చేపలు వేసే మంచుగదిలో ఇరవై రెండు. పడవంతా కొత్త రంగు వాసన కొడుతోంది.

పదకొండు నెలల కిందట ఈ పడవ నడిసముద్రంలో ఉండగా ఎవరో ఎక్కడో అణుబాంబు పేల్చి చూసుకున్నారనీ, దాని బూడిద వచ్చి పడవ మీద పడిందనీ, అప్పట్నించీ మనుషులు మనుషుల్లా లేరనీ ఆమె పనిచేసే శాఖకు మూడు ఉత్తరాలు అందాయి. మూడూ ఒకే చేతిరాత. మూడోది పేపర్లో కూడా పడేసరికి శాఖలో కదలిక వచ్చింది. ఒక డాక్టర్నీ, పెట్టెతో సహా ఆమెనూ మూడు రోజులకని పంపించారు.

"ఏమన్నా దొరికిందా అమ్మా?"

అడిగింది సరంగు. ఆ పడవ నడిపేది ఆయనే. అరవై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, ఎండకి పగుళ్లిచ్చిన మెడ. ఆయన నిలబడి ఉన్నంతసేపూ రేవులో ఇంకెవరూ గొంతు పెంచలేదు.

"ఇంకా చూస్తున్నానండి."

"చూడండి, చూడండి. ఉంటేగా దొరకడానికి!"

"రంగు కొత్తగా వేసినట్టున్నారు. పాతది మొత్తం గీకించేశారే."

"శుభ్రంగా ఉండటం కూడా తప్పైపోయిందా?" అని ఆయన పడవ అంచు మీద అరచేత్తో చరిచాడు. "చెక్కలు గీకించాం, గడ్డపారతో అడుగు గోకించాం, తాళ్లన్నీ మార్చాం. నా పడవలో పాతది ఏదైనా ఉందంటే అది నేనొక్కణ్ణే."

మంచు డిపో ఆఫీసులో డాక్టరు బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆ ప్రయాణంలో ఉన్నది సరంగు కాక తొమ్మిది మంది. ఇంజను డ్రైవరు ఐదు నెలల కిందట పోయాడు. పచ్చకామెర్లని రాశారు. వంటవాడు మంచంలో ఉన్నాడు. మిగిలిన ఏడుగురూ వరసగా వచ్చి నిలబడ్డారు. అందరికీ టోపీలున్నాయి. డాక్టరు తీయమన్నాడు. మొదటివాడి తల మీద జుట్టు కోత కోసిన చేనులా అక్కడక్కడా మొదళ్లుగా నిలిచింది.

"ఇది ఎన్నాళ్లనుంచి?"

"మా నాన్నకీ ఇంతేనండి."

రెండోవాడి తలా అలాగే ఉంది. "మా నాన్నకీ ఇంతేనండి," అన్నాడు వాడు.

"మీరిద్దరూ అన్నదమ్ములా?"

"కాదండి."

ఎవరూ నవ్వలేదు. ఏడుగురూ కిటికీ వైపు చూశారు. కిటికీ అవతల సరంగు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

మరునాడు పొద్దున్నే ఆమె వంటవాడి ఇంటికి వెళ్లింది. రేవంతా అతన్ని గరిటె అంటారు. పడవలో ఎవరన్నా గొడవపడితే వంటగరిటె ఊపుకుంటూ మధ్యలోకి వచ్చేవాడట, అందుకని. వల షెడ్ల వెనక మిట్ట మీద రెండు గదుల ఇల్లు. అతని భార్య గుమ్మంలోనే ఎదురైంది.

"ఉత్తరాలు రాసింది నేనేనక్కా," అంది, కూర్చోమనడానికి ముందే. "రేవులో మాతో ఎవరూ మాట్లాడట్లేదు. నీళ్ల దగ్గర నేను వెళ్తే బిందెలు పక్కకి జరుపుకుంటారు. మా పొట్ట కొడతావా అంటారు. వాళ్లన్నదీ నిజమే. కానీ ఆయన్ని చూడండి ఒకసారి."

గరిటె తాడు అల్లిన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. చొక్కా హేంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. పెదవుల మూలల్లో పుళ్లు. ఆమెను చూసి లేవబోయాడు.

"వద్దన్నా, కూర్చో. ఏం జరిగిందో నీకు గుర్తున్నంత వరకు చెప్పు."

"మర్చిపోతే గదా గుర్తుచేసుకోడానికి." అతను నాలుకతో చిగుళ్లు తడుముకుని మొదలుపెట్టాడు. "పొయ్యి ముట్టించానండి. ఇంకా పొద్దు పొడవలేదు. ఉన్నట్టుండి పడవ నిలువుకొయ్య నీడ పడింది, నా పొయ్యి మీదకి. నల్లగా, కత్తితో కోసినట్టు. పొద్దే పొడవలేదు, నీడేంటా అని నవ్వొచ్చింది ముందు. వెనక్కి తిరిగాను. పడమర మొత్తం వెలుగు. చప్పుడు మాత్రం ఎంతకీ లేదు. కుండలో నీళ్లు తెర్లాక వచ్చింది. మూత దానంతటదే కదిలింది."

"బూడిద?"

"ఇంకో రెండు గంటలకి. సున్నం కొట్టిన గోడ గీకితే రాలుతుంది చూడండి, అలాగ. కళ్లలో పడితే భగ్గుమంది. టోపీల మీద, తాడు చుట్టల మీద, నా కుండ మూత మీద, అంతా తెల్లగా. దానిమీద మా అడుగులు పడ్డాయి. ఇంజను డ్రైవరు దాంట్లో వేలితో తన పేరు రాసుకున్నాడు. వల నీళ్లలో ఉంది, వదిలేసి రాలేం గదా. సాయంత్రం దాకా లాగాం. నాలుగో రోజుకి ఒళ్లు పొక్కులెక్కింది. వారానికి దువ్వెన నిండా జుట్టు."

అతని భార్య గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. ఈ మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చినట్టు పెదాలు మెల్లగా కదులుతున్నాయి. "పెద్దాసుపత్రిలో దీనికి వేరే వార్డుందటక్కా. కాయితం మీద బాంబు బూడిద జబ్బన్న మాట ఉంటేనే చేర్చుకుంటారట. లేకపోతే చర్మవ్యాధి అని మందు రాసి పంపేస్తున్నారు. మీ డాక్టరుగారు ఆ ఒక్క మాట రాస్తే చాలు."

మీటరమ్మ గొట్టం అతని గొంతు దగ్గర పెట్టింది. ఇరవై ఆరు. ఛాతీ మీద ఇరవై ఏడు. అరచేతుల్లో ఇరవై నాలుగు. కాస్త ఎక్కువే. కానీ ఈ అంకెలు ఏ అధికారి ముందూ నిలబడవు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, దస్తరం రాసుకోడానికని గొట్టం మంచం పట్టె మీద ఆనించింది. డొప్పలు మెడలోకి జారి ఉన్నాయి. అయినా వినబడింది. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు.

డొప్పలు చెవులకు పెట్టుకుంది. నిమిషం పూర్తయ్యేసరికి పెట్టె మీది ముల్లు ఆరు వందల నలభై చూపింది. పెట్టె చెడిపోయిందనుకుని గోడ మీద కొలిచింది. ఇరవై రెండు. మళ్లీ మంచం తాడు మీద. ఆరు వందల ముప్పై ఐదు.

"ఈ తాడెక్కడిది?"

"పడవదే," అన్నాడు గరిటె. "మంచి నార తాడు. ఆ రోజు డెక్కు మీదే ఉంది, తర్వాత వానకి తడవకుండా కింద గదిలో పడేశాం. తిరిగొచ్చాక సరంగు తాళ్లన్నీ మార్చేశాడు. పారేయడానికి మనసొప్పక తలో కాస్తా పంచాడు. నేను మంచం అల్లుకున్నా."

"దీనిమీద ఎన్నాళ్లుగా పడుకుంటున్నావు?"

"దిగిన వారంనుంచీ."

ఆమె ఇంకేం అడగలేదు. ఇద్దరాడవాళ్లూ కలిసి అతన్ని లేపి చాప మీదకి దింపారు. చిన్నపిల్లాడి బరువున్నాడు. మంచాన్ని కదపకుండా, దులపకుండా పెరట్లోకి మోసి, దాని మీద తడిగుడ్డ కప్పి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నారు. లోపలినుంచి గరిటె అన్నాడు: "సముద్రం సరిపోలేదని ఇంటిక్కూడా తెచ్చుకున్నానన్నమాట." పరాచికంగానే అన్నాడు. అతని భార్య మాత్రం కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కుంటోంది.

డాక్టరు చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పిందంతా విన్నాడు. దస్తరంలో అంకెలు రెండుసార్లు చూశాడు. లాడ్జి వరండాలో టీ చల్లారిపోతోంది.

"ఒక్క మంచం చూపించి రేవు మూయించమంటారా? ఈ చేప మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో తెలుసా?"

"మూయించమనడం లేదు సార్. ఆ తాడు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో చూద్దామంటున్నాను."

"సరంగుని అడిగాను. గరిటెకి ఒక్కడికే ఇచ్చాడట, అదీ బతిమాలితే. మిగతాదంతా సముద్రంలో పారేశారట. ఆ ఏడుగురూ ఔనన్నారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒంట్లో బాగోలేదని ఒక్కడూ చెప్పట్లేదమ్మా. నేనెక్కణ్ణించి రాయను? రేపు పదకొండింటికి బూడిదేం పడలేదన్న కాగితం మీద సంతకాలు. మధ్యాహ్నం మూడింటికి బస్సు."

ఆమె తన గదిలోకి వెళ్లి పెట్టె కట్టేసింది. బ్యాటరీ కూడా తీసేసింది. అయినా చెవుల్లో టిక్కులు ఆగలేదు. కొళాయి చుక్క చుక్కగా కారుతుంటే లెక్కపెట్టింది. మెట్ల మీద ఎవరివో చెప్పులు టపటపమంటే లెక్కపెట్టింది. పదిహేడేళ్ల ఉద్యోగంలో తొంభై తొమ్మిది చోట్ల ఏమీ లేదని రాసింది. ఏమీ లేదని రాసిన చోట్లలో గొట్టం పెట్టకుండా వదిలేసిన మంచాలెన్నో అనిపించింది.

మూడో రోజు పొద్దున ఆమె వల షెడ్డుకి వెళ్లి నేల మీదే కూర్చుంది. పడవ తాడు ఎవరెవరి ఇళ్లకు వెళ్లిందో చెప్పమని అడిగింది. వెదురు సూదులు వలలో గబగబా ఆడుతున్నాయి. చాలాసేపటికి, మొదటిరోజు కరెంటు బిల్లని వేళాకోళమాడిన ఆవిడ దారం పంటితో తెంపి, తలెత్తకుండానే అంది:

"సరంగు కూతురు బాలింత. మూడో నెల. పాపం ఇల్లు కదలట్లేదు. ఊరికే వెళ్లి పలకరించి రారాదూ?"

సరంగు ఇల్లు రేవుకి ఎదురుగానే. కూతురు తలుపు తీసి, పెట్టెని చూసి సంబరపడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. "పాపని కూడా చూస్తారా? బరువు చూస్తారా దీంతో? పుట్టినప్పుడు బాగా తక్కువుంది. ఇప్పుడు నయం. ఇప్పుడే పడుకుంది, నెమ్మదిగా రండక్కా."

గది మధ్యలో దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. మెత్తటి పాత బట్ట, లోపల పిడికిలి మూసుకుని పడుకున్న బిడ్డ. బట్టను పట్టి ఉంచింది నార తాడు. బిడ్డ తలవైపు ముడి, కాళ్లవైపు ముడి.

మీటరమ్మ డొప్పలు పెట్టుకుంది. గొట్టం పైకెత్తింది. లెక్కపెట్టడానికి వీల్లేనంత దగ్గర దగ్గరగా పడుతున్నాయి టిక్కులు. ఒక గీతలా. ఆమె మొహం చూసి ఆ పిల్ల నవ్వు ఆపేసింది.

"ఏమైందక్కా? బరువు లేదా?"

"ఎవరు రానిచ్చారు మిమ్మల్ని లోపలికి?"

సరంగు గుమ్మంలో ఉన్నాడు. వేళ్లకి సిరా మరక ఇంకా తడిగానే ఉంది. సంతకం చేసి నేరుగా వస్తున్నాడు. చెప్తే నమ్మడు. డొప్పలు తీసి ఆయన వైపు చాపింది.

"ఒక్క నిమిషం వినండి బాబాయ్. తర్వాత వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను."

కూతురు చూస్తోంది. ఆయన విసురుగా అందుకుని చెవులకు పెట్టుకున్నాడు. ఆమె గొట్టం గోడకి ఆనించింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఉయ్యాల తాడు దగ్గర పెట్టింది. మళ్లీ గోడ. మళ్లీ తాడు. ఆయన కళ్లు గొట్టంతో పాటు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత ఆయనే ఆమె మణికట్టు పట్టుకుని గొట్టాన్ని గోడ మీదకి నెట్టాడు. ఇంకోసారి తాడు మీదకి లాగాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. చివరికి డొప్పలు తీసి ఆమె చేతికిచ్చాడు.

"పాపని తియ్యి," అన్నాడు కూతురితో.

"ఇప్పుడే పడుకుంది నాన్నా."

"తియ్యమ్మా."

ఆయన మొలలోంచి కత్తి తీశాడు. "కోయొద్దు," అంది మీటరమ్మ. "దుమ్ము లేస్తుంది. తడిపి, మెల్లగా విప్పండి." కూతురు బిడ్డను భుజాన వేసుకుని పక్కగదిలోకి వెళ్లింది. ఆయన తాడు మీద నీళ్లు పోసి ముడి విప్పడం మొదలుపెట్టాడు. పెద్ద గాలివానకి కూడా జారకుండా ఆయనే వేసిన ముడి. వేళ్లు ఒకటికి నాలుగుసార్లు తప్పాయి.

"మంచి తాడు," అన్నాడు, ఆమెతో కాదు. "పారేస్తే పాపమనుకున్నాను."

"ఇంకా ఎవరికిచ్చారు?"

ఆయన విప్పిన తాడుని తడిగుడ్డలో చుట్టి, రెండు చేతులూ బారలా చాపి చూసుకున్నాడు, కొలిచి ఇచ్చినప్పటి సంగతి చేతులకే గుర్తున్నట్టు. "మొత్తం ఎనభై బారలు. నాలుగు ఇక్కడ. గరిటెకి పది. మంచు డిపోకి ఇరవై, దిమ్మలు కట్టుకోడానికి. ఇంజను డ్రైవరు ఇంటికి ఆరు. మంచినీళ్ల బావికి పదహారు. అది వానల్లో తెగిపోయింది, ముక్కలు ఎవరు పట్టుకెళ్లారో తెలీదు."

"యాభై ఆరు అయింది బాబాయ్. మిగిలిన ఇరవై నాలుగు?"

"బడికి."

బడి రెండు వీధుల అవతల. ఆయన పరుగు లాంటి నడక నడిచాడు. పిల్లల్ని బెదరగొట్టొద్దు, తాడు ఈడ్పించొద్దు అని ఆమె దారంతా చెబుతూనే ఉంది. వెళ్లేసరికి ఆటల పీరియడు నడుస్తోంది. ఆవరణలో అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది, మడమలు మట్టిలో తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగుతున్నారు. సరంగును చూసి ఒకే కేక వేశారు. "తాతా, మావైపు! తాతా, మావైపు!"

ఆయన మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. నడిసముద్రంలో ఈ చివరనుంచి ఆ చివరకి వినబడే గొంతు. పైకి రాలేదు.

"ఈ తాడు నాకు కావాలర్రా," అన్నాడు.

"మాకిచ్చేశావుగా!"

"ఇచ్చాను. తప్పైపోయింది. కింద పెట్టెయ్యండి."

ఆటలో భాగమనుకుని వాళ్లు ఇంకాస్త గట్టిగా లాగారు. ఆయన మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ జోడించాడు. అప్పుడు వదిలేశారు. ఒక్కొక్కళ్లూ, ముందువాళ్లు ముందుగా.

ఆ తర్వాత గంటసేపు మీటరమ్మ కొళాయి దగ్గర నిలబడి పిల్లలందరి చేతులూ మోచేతుల దాకా కడిగించింది. సబ్బు అందించింది సరంగు. కడిగాక ఒక్కొక్క అరచేతి మీదా గొట్టం పెట్టి చూసింది. చక్కిలిగిలి పెడుతుందని పిల్లలు కిలకిలా నవ్వారు. అంకెలు మామూలుగానే ఉన్నాయి. తాడు మీద మాత్రం ముల్లు ఏడు వందలు దాటింది. ఉపాధ్యాయుడు ఏమిటని అడిగితే సరంగే చెప్పాడు. రెండు వాక్యాల్లో, ఏదీ దాచకుండా.

డాక్టరు సంచి సర్దుకుని కూర్చున్నాడు. బల్ల మీద అట్ట మధ్య ఎనిమిది సంతకాల కాగితం ఉంది. సరంగు తడిగుడ్డలో చుట్టిన తాడున్న డబ్బా తెచ్చి గుమ్మం బయటే పెట్టి, లోపలికి వచ్చాడు.

"ఇంకో కాయితం తీయండి డాక్టరుగారూ. నేను చెప్తాను, రాసుకోండి."

"పొద్దునేగా సంతకం చేశారు."

"చదివే చేశాను. అబద్ధమని తెలిసే చేశాను."

డాక్టరు మీటరమ్మ వైపు చూశాడు. ఆమె దస్తరం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఉయ్యాల తాడు అంకె, బడి తాడు అంకె. ఎక్కడా కొట్టివేత లేదు. ఆయన ఒక్కొక్క అంకె కిందా వేలు పెట్టి చదివాడు.

"ఇది రాస్తే రేపటినుంచి మీ చేప ఎవరూ ముట్టరు. తెలుసా?"

"తెలిసే గదండీ అందరి నోళ్లూ కుట్టేసింది. తిరిగొచ్చేటప్పుడు రేవు కనబడగానే ఇంజను ఆపించాను. తొమ్మిది మందినీ నిలబెట్టాను. బూడిద అన్నవాడికి నా పడవలో చోటు లేదన్నాను. ఇంజను డ్రైవరు ఒక్కడే అడిగాడు, 'జబ్బు చేస్తే ఏమని చెప్పాలి మామా' అని. ఏదో ఒకటి చెప్పరా అన్నాను. చచ్చేదాకా కామెర్లనే చెప్పాడు." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "అక్కణ్ణించి రాయండి."

డాక్టరు సంచి కింద పెట్టి కలం మూత తీశాడు. మూడింటి బస్సు వెళ్లిపోయింది. ఆ వాంగ్మూలంతోనే పది రోజుల తర్వాత గరిటెకి పెద్దాసుపత్రిలో ఆ వార్డులో మంచం దొరికింది. రేవులో చేప ఏడు వారాలు అమ్ముడుపోలేదు. ఏడుగురిలో ఇద్దరు వచ్చి టోపీలు తీసి నిజం చెప్పారు. మిగతా ఐదుగురూ ఆ తర్వాత ఎన్నడూ సరంగుతో మాట్లాడలేదు. బావి తాడు పదహారు బారలూ ఎక్కడా దొరకలేదు.

ఆ సాయంత్రం వాంగ్మూలం పూర్తయ్యాక మీటరమ్మ మళ్లీ పెట్టె తెరిచింది. పద్ధతి ప్రకారం తాడు విప్పినవాళ్ల చేతులు కూడా కొలవాలి. సరంగు అరచేతులు చాపాడు. కాయలు కాసి, గీతలు చెరిగిపోయిన చేతులు. నిమిషం చొప్పున మూడుసార్లు కొలిచింది. ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై రెండు.

"ఏమీ లేదు బాబాయ్. కడిగితే పోయింది."

ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"డ్రైవరు ఇంటికి ఇంకా వెళ్లలేదు," అన్నాడు. "వాడి పెళ్లాం దానిమీదే బట్టలారేస్తుంది. మీరు రండి, కొలుద్దురుగాని. కానీ ముందు నన్నొక్కణ్ణే లోపలికి వెళ్లనివ్వండి."

వీధి చివర పెంకుటిల్లు. దడి అవతల తాడు మీద ఆడమనిషి బట్టలు రెండు, వాటి పక్కన ఒక మగ చొక్కా. పోయి ఐదు నెలలైన మనిషిది. ఉతికి ఆరేసి ఉంది. మీటరమ్మ దడి దగ్గరే ఆగి పెట్టె కింద పెట్టింది. సరంగు టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాడు.

"ఎవరూ?"

"నేనమ్మా," అన్నాడు. మూసిన తలుపుతోనే, "మీ ఆయనకి కామెర్లు కాదు," అన్నాడు.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"తెలుసు మామా," అందామె తలుపు తీస్తూ. "మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నాను."